రెడ్డు పడితే ఒగ్గీ

రాజశ్రీకి నోరు పుట్టుకతో వచ్చింది. ఆ నోరు చూసే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నలుగురూ "ఈ గుంట లాయరవుద్ది" అన్నారు. అనేసి వాళ్లు ఎవరి క్వార్టర్లకు వాళ్లు పోయారు. లా కాలేజీ ప్రవేశ పరీక్ష క్లాట్ మాత్రం రాజశ్రీ నెత్తిన పడింది. మొదటిసారి రాస్తే తన్నేసింది.

రెండోసారి కోచింగ్ లేకుండా ఇంట్లోనే చదువుతానని, ఈసారీ సీటు రాకపోతే బీకామ్‌లో చేరి నోరు మూసుకుంటానని కాగితం రాసి సంతకం పెట్టింది. తెలుగు రాయడం సరిగా రాక హిందీలో రాసింది. తండ్రి తిరుమలరావు దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఆయన గూడ్స్ బండి నడిపే లోకో పైలట్. కాగితం మీద ఉన్నదాన్ని తప్ప దేన్నీ నమ్మడు.

ముందు టైంటేబుల్ వేసింది. నాలుగు రంగుల స్కెచ్ పెన్నులతో రెండు రోజులు వేసి, మూడో రోజు అలిసిపోయి పడుకుంది. తర్వాత యూట్యూబ్‌లో ఒక సారు "బచ్చోం, టెన్షన్ నహీ లేనా" అన్నాడు. టెన్షన్ పడొద్దన్న ఆ ఒక్క పాఠం మాత్రం ఒంటబట్టి నెలన్నర పోగొట్టుకుంది. పేపరు చదివితే ఇంగ్లిష్ వస్తుందని ఎవరో చెప్పారు. చదివింది. ఇంగ్లిష్ రాలేదు గానీ దేశం మీద కోపం వచ్చింది.

అసలు జబ్బు వేరే ఉంది. నూట ఇరవై ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు జవాబుకి పావు మార్కు కోత. ఒక నియమం ఇస్తారు, ఒక కథ ఇస్తారు. ఆ నియమాన్ని ఆ కథకి తగిలించి గమ్మున ముందుకు పోవాలి. రాజశ్రీ పోదు. ఒకడు పక్కింటి గోడ దూకి బావిలో పడ్డ మేకను కాపాడాడు. అనుమతి లేకుండా దూకితే నేరమే అని నియమం. "మరి మేక చచ్చిపోతే?" అని పేపరుతో పది నిమిషాలు దెబ్బలాడి, వాణ్ని నిర్దోషిగా విడుదల చేసేది. చివర్లో మిగిలిన ఇరవై ప్రశ్నలకీ కళ్లు మూసుకుని జవాబు గడుల్లో చుక్కలు పెట్టేసేది. ఏ మాక్ టెస్టులోనూ యాభై ఎనిమిది దాటితే ఒట్టు.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం తిరుమలరావు డ్యూటీ దిగి వచ్చి, మంచం మీద వాలి, ఆ గొడవ విన్నాడు.

"ఏటే, ఎవులితో దెబ్బలాట?"

"రూల్‌తో నాన్నా. బిల్‌కుల్ అన్యాయమైన రూలు."

"బండి మీదుంటే రెడ్డు పడతాది. ఎందుకు పడ్డావని సిగ్నల్నడుగుతామేటి? ఆపీడమే. రూలు ఆళ్లది, బండి నడపడం మనది."

"అచ్ఛా, మరి టైము చాలొద్దా?"

"సదివిన ఎంటనే మాలాగ పిలువు. తెలిస్తే గ్రీన్, పెట్టీ. అనుమానమైతే ఎల్లో, గురుతెట్టుకుని ముందుకెళ్లు. తెలీకపోతే రెడ్, ఒగ్గీ. అలాగొదిలీ, సుక్కెట్టకు."

ఇంజిన్‌లో పైలట్, అసిస్టెంట్ ప్రతి సిగ్నల్‌నీ చెయ్యి చాపి గట్టిగా పిలవాలి. ఒకరు పిలిస్తే రెండోవాళ్లు తిరిగి అనాలి. ఆ రోజు నుంచి రాజశ్రీ పేపరు మీద ఎడమ చెయ్యి చాపి "ఎల్లో!" అనడం, తిరుమలరావు కళ్లు మూసుకునే "ఎల్లో!" అనడం. తల్లి చిన్నతల్లికి పిచ్చెక్కింది. "ఇది ఇల్లేటి, ఇంజినేటి? నానైతే ఈ జన్మలో ఆ మాటన్ను" అని వంటింట్లో శపథం పట్టింది. మార్కులు మాత్రం ఎనభై ఒకటికి ఎక్కాయి.

డిసెంబరులో పరీక్ష. సగం పేపరు బాగానే నడిచింది. అరవై ఒకటో ప్రశ్న దగ్గర రాజశ్రీ ఒళ్లు మరిచి, చెయ్యి చాపి, గట్టిగా "రెడ్!" అంది.

వెనక బెంచీ నుంచి ఒక బొంగురు గొంతు "రెడ్!" అని తిరిగి పలికింది.

హాలంతా తలెత్తింది. వెనక ఉన్నాయన జయప్రకాష్, ముప్పై అయిదేళ్ల అసిస్టెంట్ లోకో పైలట్. వేళాపాళా లేని డ్యూటీలు పడలేక వకీలవుదామని వచ్చాడు. పిలుపు వినబడగానే పాపం నోరు దానంతటదే తెరుచుకుంది. ఇన్విజిలేటరు మేడమ్ ఇద్దరి పేపర్లూ లాక్కుని, కోడ్ భాషలో కాపీ కొడుతున్నారా, బయటికి నడవండి అని హిందీలో విరుచుకుపడింది.

రాజశ్రీకి ఫ్రిజ్ మీది కాగితం కళ్ల ముందు ఆడింది. ఇది అన్యాయం అని అరవబోయి, ఆగింది. రూలు వాళ్లది.

"మేడమ్, జవాబు ఇంకొకరికి చెప్పకూడదు. అదేగా నియమం?" అంది హిందీలోనే. "నా అరవై ఒకటి చూడండి, ఖాళీ. చెప్పడానికి నా దగ్గర జవాబే లేదు. ఆయన ఏ ప్రశ్న దగ్గరున్నాడో కూడా చూడండి."

ఆవిడ చూసింది. జయప్రకాష్ ఇంకా ముప్పై నాలుగు దగ్గరే ఉన్నాడు. ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "చెయ్యి కిందే ఉండాలి" అని పేపర్లు తిరిగిచ్చింది. రాజశ్రీ ఎడమ చేతి మీద కూర్చుని రాసింది.

పోయిన ఏడు నిమిషాలు తిరిగి రాలేదు. చివర్లో తొమ్మిది ప్రశ్నలు మిగిలాయి, ఒక్క నిమిషం మిగిలింది. తొమ్మిది చుక్కలకి ఆ నిమిషం చాలు. పెన్ను పట్టిన చెయ్యి దురద పెట్టింది. అయినా ఒక్క చుక్కా పెట్టలేదు. జీవితంలో మొదటిసారి ఎదురు చెప్పకుండా ఒకదాన్ని ఒగ్గేసింది, ఏడుపు ఆగలేదు.

సీట్ల జాబితా వచ్చిన రోజు తిరుమలరావు ఫోన్‌ని దూరంగా పట్టుకుని మూడుసార్లు చదివాడు. రాయ్‌పూర్‌లో సీటు. అర మార్కు తగ్గి ఉంటే, అంటే ఇంకో రెండు తప్పు చుక్కలు పడి ఉంటే, పోయేదే. ఆయన ఫ్రిజ్ మీది కాగితం పీకేసి, డ్యూటీ బట్టల్లోనే చెయ్యి చాపి "గ్రీన్!" అన్నాడు.

తిరిగి అనాల్సింది రాజశ్రీ. పుట్టుకతో వచ్చిన ఆ నోరు ఆ పూట పెగల్లేదు. తిరుమలరావు చెయ్యి దించలేదు. ఎదురు పలుకు వినకుండా దించడు.

అప్పుడు వంటింట్లోంచి చిన్నతల్లి బయటికొచ్చి, గరిట పట్టుకున్న చేతినే చాపి, కాలనీ అదిరేలా "గ్రీన్!" అంది.