మాల్దీవులకు ఒక వాడ

వరంగల్ కాశిబుగ్గలో ఉండే కైలాసం కూతురు కళావతి మాట్లాడుతుందంటే హనుమకొండలో ఆమె చదివే కాలేజీ హాలు నిండిపోయేది. మగ్గం నేసే ఇంట్లో పుట్టి ఎమ్మెస్సీ దాకా వచ్చిన పిల్ల. ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడేది. అంతకన్నా ముఖ్యంగా, నవ్వించేది. వక్తృత్వ పోటీకి ఆమె పేరు ఇచ్చిందని తెలిస్తే మిగతావాళ్లు కప్పు మీద ఆశ ముందే వదులుకునేవాళ్లు.

1989 మొదట్లో ఆ కాలేజీలో ఒక కొత్తరకం పోటీ పెట్టారు. ఐక్యరాజ్యసమితి సభలాగా హాలును అమర్చి, ఒక్కొక్క విద్యార్థీ ఒక్కొక్క దేశం తరఫున మాట్లాడాలి. భూమి వేడెక్కుతోందనీ, సముద్రాలు పొంగుతాయనీ పేపర్లలో అప్పుడప్పుడే వార్తలు వస్తున్నాయి. పోటీ నడిపించే లింగమూర్తి సారు వాటిని చదివి ఒక తీర్మానం తయారు చేశారు. పెద్ద దేశాలు తమ పొగను గట్టిగా తగ్గించుకోవాలి, మునిగిపోయే చిన్న దేశాల నష్టాన్ని భరించాలి అన్నది దాని సారం. పెద్ద దేశాల పక్షాన నిలబడి దాన్ని ఓడించే పని కళావతికి వచ్చింది. మాల్దీవుల తరఫున మాట్లాడేవాడి కోసం మాత్రం వెతకనక్కర్లేకపోయింది. ఆదం షరీఫ్ అక్కడివాడే. స్కాలర్‌షిప్ మీద వచ్చి హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాడు.

ఆదం వక్త కాదు. మైకు ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియనట్టు నిలబడ్డాడు. రెండేళ్ల కింద ఏప్రిల్లో గాలీ వానా లేకుండానే సముద్రం తమ ఊళ్లోకి వచ్చిందని చెప్పాడు. ఇంటి బావి ఉప్పగా మారిందనీ, అప్పటినుంచి వాళ్లమ్మ తలుపు మూసి పడుకోదనీ చెప్పాడు. ఇకముందు ఇంకా వస్తుందని చదువుకున్నవాళ్లు అంటున్నారన్నాడు. "మాకు ఫ్యాక్టరీలు లేవు. మేం వదిలిన పొగ ఏదీ లేదు. మరి నీళ్లు మా ఇంటికే ఎందుకు రావాలి?" అని అడిగి, జవాబు కోసం నిజంగానే ఒక్క క్షణం ఆగాడు.

ముందు వరసలో కూర్చున్న మేడం ఒకామె కళ్లు తుడుచుకుంది. అది కళావతి కంటపడింది. ఆట చేయి దాటిపోతోంది. రాసుకున్న అంకెలు ఇప్పుడు ఎవరికీ ఎక్కవు. లేచి నిలబడగానే ఆమె నోటికి ఇంకో మాట వచ్చింది.

"అధ్యక్షా! ఈ దేశం జనాభా మొత్తం కలిపినా మా వరంగల్ జనంలో సగం లేదు. దానికోసం ప్రపంచంలో ఫ్యాక్టరీలన్నీ మూసుకోవాలా? అందరినీ కాశిబుగ్గకు రమ్మనండి. ఒక వాడ ఖాళీ చేసి ఇస్తాం. కప్పుకోవడానికి దుప్పట్లు కూడా మేమే నేసి పెడతాం!"

హాలు గొల్లుమంది. వెనక బెంచీలవాళ్లు బల్లలు చరిచారు. ప్రిన్సిపాల్ చప్పట్లు కొట్టారు. కళ్లు తుడుచుకున్న మేడం కూడా నవ్వింది. తీర్మానం ఓడిపోయింది, కప్పు కళావతికి వచ్చింది. ఇదే విషయం మీద హైదరాబాదులో జరిగే పెద్ద పోటీకి కూడా ఆమెనే పంపుతామని అక్కడికక్కడే ప్రకటించారు.

మర్నాడు ఆదం ఆమెను లైబ్రరీ మెట్ల మీద కలిశాడు. గొడవకు వచ్చాడేమోనని ఆమె ముందే ముఖం గంటు పెట్టుకుంది.

"ఆ వాడ ఎక్కడ?" అని ఇంగ్లీషులో అడిగాడు అతను.

"ఏ వాడ?"

"నిన్న మీరు చెప్పింది. మా అమ్మను, ఇద్దరు చెల్లెళ్లను తీసుకువద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. ఇక్కడ నాకు ఎవరూ తెలియదు. ఒకసారి చూపిస్తారా?"

వెక్కిరిస్తున్నాడా అని అతని ముఖంలోకి చూసింది. అక్కడ వెక్కిరింత ఏమీ లేదు. శుభ్రంగా దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అది తమాషాకు అన్న మాట అని చెప్పేస్తే అయిపోయేది. నోరు రాలేదు. "పోదాం పదండి" అంది.

సిటీ బస్సులో కాశిబుగ్గకు వచ్చారు. కళావతికి తెలిసిన ఖాళీ ఇల్లు ఒక్కటే, వెంకట్రాజం మామది. ఆమె తండ్రికి నూలు తెచ్చిచ్చే మనిషి, వెనకవైపు రెండు గదుల పోర్షన్ కట్టాడు. అతను ఆదంను పైనుంచి కిందికి చూసి కళావతితో అన్నాడు:

"ఎవలు బిడ్డా ఈ పిలగాడు?"

"మా కాలేజీల చదువుతాండు మామా. సముద్రం నడుమ వాళ్ల ఊరు. వాళ్లమ్మకు ఇల్లు కావాల్నట."

"ఎన్ని దినాలకు?"

కళావతి ఆ మాట ఆదంను ఇంగ్లీషులో అడిగింది. "ఎప్పటికీ" అన్నాడు.

ఆ మాట తెలుగులో చెప్పడానికి ఆమెకు సిగ్గేసింది. అయినా చెప్పింది. వెంకట్రాజం నవ్వాడు, కోపంగా ఏం కాదు. "ఎప్పటికీ అంటే ఎట్ల బిడ్డా? కిరాయికి దిగినోళ్లు ఎప్పటికీ ఉంటరా? పరాయి దేశపోళ్లు, రేపు పోలీసోళ్లు అచ్చి అడిగితే నేనేం చెప్పాలె? ఉన్నోళ్లకే నల్లా నీళ్లు సరిపోతలేవు. ఆళ్లను ఆళ్ల దేశంలనే మంచిగ ఉండుమను."

ఆ చివరి మాటను ఆమె ఆదంకు తర్జుమా చేయలేదు. కానీ అతనికి అర్థమైనట్టే ఉంది. వెంకట్రాజానికి వంగి సలాం చేసి బయటికి నడిచాడు. ఇంకో రెండిళ్లు అడిగారు. ఒకచోట చుట్టాలు వస్తున్నారన్నారు, ఇంకోచోట తలుపే తీయలేదు.

ఇంటికి తీసుకుపోక తప్పలేదు. కళావతి తల్లి శ్యామలమ్మ రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతోంది. లేచి చాయ్ పెట్టి ఇచ్చింది. వచ్చిన పని విని, "అయ్యో, ఇంట్లకు సముద్రం వస్తదా!" అని నోరు నొక్కుకుంది. కానీ మన ఇంట్లో ఉండమను అని ఆమె కూడా అనలేదు. మగ్గం గుంత పోను ఇంట్లో ఉన్న జాగాను ఒకసారి కళ్లతో కొలిచి, తల వంచుకుంది.

బస్టాపు దగ్గర కళావతి ఇక ఆగలేకపోయింది. "నన్ను సిగ్గుపడేట్టు చేయడానికే ఇట్లా తిప్పావా?"

ఆదం ఆశ్చర్యపోయాడు. "లేదు. మీరు సభలో అన్నారు, పెద్దవాళ్లు చప్పట్లు కొట్టారు. మా దగ్గర సభలో అన్న మాటంటే ఇచ్చిన మాట కిందే లెక్క. ఇక్కడ కాదని నాకు తెలియలేదు. క్షమించండి."

అతను క్షమించమనడంతో ఆమెకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది.

హైదరాబాదు పోటీకి ముందు లింగమూర్తి సారు దగ్గరికి పోయి, ఈసారి చిన్న దేశాల తరఫున మాట్లాడతానని అడిగింది. "పేర్లు, ఎవరు ఏ పక్షమో ఎప్పుడో పంపినం అమ్మా. అయినా ఇది ఆటనే గద. నిజం తీర్మానాలు చేసేటోళ్లు వేరే ఉన్నరు. నువ్వు జర మంచిగ నవ్వియ్యి, చాలు" అన్నారు ఆయన. అయితే ఆ కాశిబుగ్గ మాట మాత్రం అననని తనలో తను ఒట్టు పెట్టుకుని రైలెక్కింది.

అక్కడి హాలు పెద్దది. ఎదుటివాళ్లు కాన్వెంటు ఇంగ్లీషు పిల్లలు. కళావతి అంకెలతో మొదలుపెట్టింది. పెద్ద దేశాల ఇబ్బందులు చెప్పింది. ఎవరూ వినడం లేదు. జడ్జి ఒకాయన గడియారం చూసుకున్నాడు. ముందు వరసలో ఇద్దరమ్మాయిలు ఆమె చీరను చూసి ఏదో గుసగుసలాడుకున్నారు. "అధ్యక్షా!" అంది. ఆ పిలుపు వెనకే, పెట్టుకున్న ఒట్టును దాటుకుని, ఆ మాటలన్నీ వరసగా బయటికి వచ్చేశాయి. వరంగల్, వాడ, దుప్పట్లు. జడ్జి తలెత్తి పకపకా నవ్వాడు. ఆమెకు రెండో బహుమతి వచ్చింది.

తిరిగొచ్చాక ఆదం ఉండే హాస్టలుకు తనే వెళ్లింది. గేటు దగ్గర నిలబడే చెప్పేసింది. "అక్కడ కూడా అదే అన్నాను."

"నవ్వారా?"

"నవ్వారు."

ఆదం తలూపాడు. ఏదో అంటాడని, తిడతాడని, కనీసం ఎందుకని అడుగుతాడని చూసింది. రేపు పరీక్ష ఉందని చెప్పి అతను లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత కాలేజీలో ఎదురుపడినప్పుడల్లా మర్యాదగా నమస్కారం పెట్టేవాడు, ఆగి మాట్లాడేవాడు కాదు. ఎండాకాలం సెలవులకు ఊరికి పోయే ముందు ఆమెతో చెప్పనూ లేదు. కళావతి మళ్లీ ఏ పోటీకీ పేరు ఇవ్వలేదు. లింగమూర్తి సారు అడిగితే, చదువు ఉందని తప్పించుకుంది.

ఆ ఎండాకాలంలోనే ఒకరోజు తల్లికి సాయంగా కండెలు చుడుతోంది.

"ఆ పిలగాడు మళ్ల రాకపాయె. ఆళ్లమ్మకు ఇల్లు దొరికిందానే?" అని అడిగింది శ్యామలమ్మ.

"దొరకలే."

"మరి నీళ్లు అస్తే ఎట్ల?"

ఇంతకాలం ఎవరికీ చెప్పని సంగతులన్నీ కళావతి అప్పుడు చెప్పింది. ఎక్కడో బొగ్గు కాలిస్తే ఎక్కడో సముద్రం ఎందుకు లేస్తుందో, కాల్చినవాళ్లు ఎవరో, మునిగేవాళ్లు ఎవరో. పొగ తగ్గించమని అడిగితే పెద్దవాళ్లు ఏమేమి సాకులు చెప్తారో కూడా చెప్పింది. అంత బాగా ఆమె ఏ మైకు ముందూ మాట్లాడలేదు. శ్యామలమ్మ రాట్నం ఆపి వింది.

"ఎంత అన్యాయమే! నీకు ఇంత ఎరుకున్నది గద. గా పట్నం పోటీకి పోయినప్పుడు అందరి ముంగట ఇదే చెప్పినవా?"

"లేదమ్మా."

"మరేం చెప్పినవ్?"

కళావతి చేతిలో ఉన్న కండెను మళ్లీ చుట్టసాగింది. తల్లి రెండోసారి అడిగింది. వాడ, దుప్పట్లు అన్న ఆ మాట తల్లి ముందు అనడానికి ఆమెకు నోరు పెగల్లేదు.