ఇవి అసలు నొప్పులే

గడియారాలు బాగుచేసేవాడి ఇంట్లో టైమెంతైందో ఒక్కరికీ తెలియదు. గోడ నిండా పదకొండు గడియారాలు, పదకొండు రకాల టైములు. ఆ ఇంటి ఇల్లాలికి నెలలు నిండాయి. మొదటి బిడ్డ ఆసుపత్రి దారిలో, ఆటోలోనే పుట్టి, ఏడవనైనా ఏడవకుండానే పోయింది. ఈ బిడ్డను మాత్రం చచ్చినా దారిలో కననని ఆమె పట్టుబట్టింది.

ఆ పట్టుదల కొద్దీ ఇప్పటికి రెండుసార్లు ఉత్తుత్తి నొప్పులకే పరుగెత్తి, ఉసూరుమంటూ తిరిగొచ్చింది. రెండోసారి నర్సమ్మ విసుక్కుంటూనే విడమరిచి చెప్పింది. "దొంగ నొప్పులైతే కాస్త నడిచినా, పక్క మార్చి పడుకున్నా సర్దుకుంటాయమ్మా. అసలువి ఏం చేసినా తగ్గవు, అంతకంతకూ పెరుగుతాయి. ఐదు నిమిషాలకొకటి వస్తుంటే వచ్చెయ్."

ఈరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ మొదలయ్యాయి. భర్త కాగితం, పెన్సిలు పుచ్చుకుని, తన పని బల్లకెదురుగా ఉన్న లోలకం గడియారం చూసి రాస్తున్నాడు.

"ఎనిమిది నిమిషాలు. మళ్ళీ ఎనిమిదే. కంగారు పడకు, ఇంకా టైముంది. ఈసారి కూడా తిరిగొస్తే ఆ నర్సమ్మ మన పరువు తీస్తుంది."

ఆమె నడిచింది. తగ్గలేదు. పడుకుంది. తగ్గలేదు. నడుములో పుట్టిన నొప్పి పొట్ట ముందుకొచ్చి బిగుసుకుంటుంటే నోట మాట రావడం లేదు. అది వదలగానే లేచి చెప్పులు వేసుకుంది.

"పదండి."

"ఇంకా ఎనిమిదేనే!"

"కంటున్నది నేనా, మీ గడియారమా? పరువు పోతే పోనీండి. ఆటో పిలవండి!"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకునేలోపే ఆమె గుమ్మం దిగేసింది.

ఆటోలో అతను సెల్‌ఫోన్లో టైము చూశాడు. నొప్పికీ నొప్పికీ మధ్య సరిగ్గా ఐదు నిమిషాలు! అతను నెత్తి కొట్టుకున్నాడు.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది! నేను చూసి రాసింది నిన్న రిపేరుకొచ్చిన గడియారం. ఎవరో పొట్టి లోలకం తగిలించారు. ఐదు నిమిషాలకే ఎనిమిది తిరిగేస్తోంది."

"తర్వాత తిట్టుకుందురుగాని. ముందు నా చెయ్యి పట్టుకోండి," అంది ఆమె పళ్ళు బిగించి.

"మళ్ళీ వచ్చావా తల్లీ?" అని నవ్వబోయిన నర్సమ్మ, పరీక్ష చేయగానే నవ్వు మాని డాక్టరును కేకేసింది. కాన్పు గదిలోకి తీసుకెళ్ళిన పావుగంటకే బిడ్డ పుట్టింది.

"ఏడుస్తోందా?" ఆమె తల పైకెత్తి అడిగింది.

"గది అదిరిపోతుంటే వినపడట్లేదా?" అంది నర్సమ్మ.

"వినపడుతోంది. అయినా మీరు ఒక్కసారి చెప్పండి."

నర్సమ్మ ఏమీ విసుక్కోలేదు. బిడ్డను తెచ్చి ఆమె గుండెల మీద పెట్టి, "ఏడుస్తోంది తల్లీ. బాగా ఏడుస్తోంది," అంది.