చదరపు మీటరుకి ఒక గంట

జర్మన్ క్లాసు టీచరు ఆ సలహా ఇవ్వకుండా ఉండాల్సింది. "ఇంట్లో రోజూ ఒక కామెడీ సీరియల్ చూడండి, భాష దానంతటదే వస్తుంది" అంది. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, టీచరు చెబితే నాకు వేదవాక్కే. జర్మనీలో జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో మాది రెండు గదుల ఇల్లు. మా ఆయన ఆఫీసుకి వెళ్ళగానే టీవీ ముందు కూర్చునేదాన్ని.

ఆ సీరియల్లో ముగ్గురు స్నేహితులు. ఒకమ్మాయి కాఫీ హోటల్లో కప్పులు అందిస్తుంది. ఇంకో అమ్మాయి బొమ్మలు గీస్తుంది, ఒక్కటీ అమ్ముడుపోదు. కుర్రాడికి మూడు రోజులకోసారి ఉద్యోగం ఊడుతుంది, వెనకాల జనం నవ్వుతారు. ఈ ముగ్గురూ ఉండేది బెర్లిన్ నడిబొడ్డున, హాల్లోనే మా ఇల్లంతా పట్టేసేటంత కొంపలో.

"ఆ అద్దె ఎవరు కడుతున్నారంటావ్?" అని క్లాసులో నా పక్కన కూర్చునే బాలామణిని అడిగాను. ఆవిడ నోరు ఊరుకోదు.

"సీరియల్లో ఎవరూ కట్టరు వదినా. బయటైతే ఎవడో ఒకడు కడతాడు. ఊరికే మాత్రం కట్టడు" అని కన్ను గీటింది.

ఆవిడకది వేళాకోళం. నాకు మాత్రం గొంతులో చేపముల్లు గుచ్చుకున్నట్టయింది. మా అమ్మాయి మనోజ్ఞ ఎర్లాంగెన్‌లో ఇంజనీరింగ్ చదువుతోంది. తండ్రి కొంత పంపిస్తారు, వారానికి రెండు పూటలు బేకరీలో నిలబడి కొంత తెచ్చుకుంటుంది. మొన్నటిదాకా హాస్టల్లో ఉండేది. మంచమూ బల్లా పడితే తలుపు తెరుచుకోని గది. ఈ మధ్యే "నలుగురం కలిసి ఇల్లు తీసుకున్నాం అమ్మా, చవకే" అంది. వీడియోలో ఎప్పుడు చూసినా దాని వెనక తెల్లగోడే కనపడేది. ఒకరోజు ఫోను చేతిలోంచి జారి, ఇల్లంతా ఒక్కసారి గిర్రున తిరిగింది. ఎత్తయిన కప్పు, దాని అంచున చెక్కిన పూలు, నిగనిగలాడే చెక్కనేల, అద్దాల తలుపుల అవతల తోట. అచ్చం ఆ సీరియల్ కొంపే.

"మిగతా ముగ్గురూ ఏరే?" అన్నాను.

"బయటికెళ్ళారమ్మా. ఆలెస్ గూట్, అంతా బానే ఉంది, నువ్వు టెన్షన్ పడకు."

ఆ ముగ్గురి గొంతూ నేనెప్పుడూ వినలేదు. తర్వాత ఒకసారి మాటలయ్యాక అది ఫోను పెట్టేశాననుకుంది. లైను తెగలేదు. ఎవరో స్నేహితురాలితో అంటోంది: "లేదే, ఈ వీకెండ్ రాలేను. ఆయనకింకా ఎనిమిది గంటలు బాకీ. మీటె అడగట్లేదు కదా, గంటలైనా ఇవ్వకపోతే ఎలా? మా అమ్మకి మాత్రం చెప్పకు, గుండాగి చస్తుంది."

మీటె అంటే అద్దె. ఆ మాట తెలియడానికి ఏ క్లాసూ అక్కర్లేదు.

మా ఆయనకి చెప్పలేదు. ఒకసారి అది ఫోనెత్తలేదని హాస్టల్ ఆఫీసుకి ఫోను చేయించిన మనిషిని, నా మాట ఆయన నమ్మరు. అయినా ఏమని చెప్పను? నోటితో అంటే అదే నిజమైపోతుందేమోనని భయం. తెల్లారి ఆయన అటు వెళ్ళగానే నేను ఇటు రైలెక్కాను. ఊరగాయ పార్సిలు పంపినప్పటి చిరునామా ఫోనులో ఉంది. దారిపొడవునా ఏ దేవుడికీ మొక్కు పూర్తిగా మొక్కలేకపోయాను. "నా బిడ్డ…" అనేసరికి మనసు ఎటో జారిపోయేది. ఆ మగవాడికి ఒక ముఖం తగిలించేదాన్ని, తీసేసి ఇంకోటి తగిలించేదాన్ని. ఎదుటి సీట్లోని ముసలావిడ నా వాలకం చూసి మంచినీళ్ళ సీసా అందించింది.

ఆ వీధిలో అన్నీ పాతకాలపు పెద్ద ఇళ్ళు. గంట కొట్టాను. లోపల చెప్పులీడ్చుకుంటూ నడిచిన చప్పుడు. తలుపు తెరిచినాయనకి ఎనభై దాటి ఉంటాయి. పైజమా మీద పొడుగాటి చలికోటు. కోటు గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు.

"వచ్చావా? ఇంత ఆలస్యమా?" అన్నాడు. తెలుగులో! "అమ్మాయి లోపలుంది. త్వరగా రా, ఎవరూ చూడకముందే."

ఆయన్ని తోసుకుని, చెప్పులతోనే లోపలికి పరిగెత్తాను.

"మనూ! ఎక్కడున్నావే?"

వంటింట్లో ఉంది. బల్లమీద పుస్తకం, పుస్తకం మీద చెంప, నోరు కాస్త తెరుచుకుని ఒళ్ళెరగని నిద్ర. పొయ్యి మీద పప్పు మాడుతోంది. ముందు పొయ్యి కట్టేసి, తర్వాత మనూని కుదిపాను.

"అమ్మా? నువ్వేంటి ఇక్కడ? నాన్నకేమైనా…"

"నాన్నకేం కాలేదు. నీకేమైందో చెప్పు. ఎవడే వాడు? ఏం గంటలే అవి?"

అది ముందు నా ముఖం చూసింది, తర్వాత గుమ్మంలో కోటుతో నిలబడ్డ ఆయన్ని చూసింది. నేనేమనుకున్నానో దానికి అర్థమయ్యేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఛీ, అమ్మా! ఆయన నరసింహం గారు. సర్జన్‌గా చేసి రిటైరయ్యారు. ఇది ఇక్కడి పద్ధతి. పెద్దవాళ్ళింట్లో గది ఇస్తారు, అద్దె ఉండదు. గది ఎన్ని చదరపు మీటర్లుంటే నెలకి అన్ని గంటలు సాయం చెయ్యాలి. నాది ఇరవై ఎనిమిది. వంట, వాకింగ్, మాట్లాడటం, అంతే."

"మరి నలుగురం అన్నావు?"

"నిజం చెబితే నువ్వు రానిస్తావా? ఇదిగో, ఇలాగే రైలెక్కి వస్తావు."

కుర్చీలో కూలబడ్డాను. ఏడుపూ నవ్వూ ఒకదాన్నొకటి తోసుకొచ్చాయి. ఆయన నిదానంగా వచ్చి "ఏ ఊరమ్మా మీది?" అన్నాడు. తెనాలి అన్నాను. "మాది బాపట్ల. పొన్నూరు మీదుగా పోతే ఎంతసేపు!" అని మురిసిపోయాడు. ఆయన జర్మనీకి వచ్చి అరవయ్యేళ్ళు దాటిందని మనోజ్ఞ చెప్పింది. మతిమరుపు ముదిరి ఏడాదిగా జర్మన్ మొత్తం పోయిందట. తెలుగొక్కటే మిగిలింది. మ్యూనిక్‌లో ఉండే కూతురు మాయకి తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకే తెలుగు పిల్ల కావాలని వెతికి మరీ పెట్టుకుంది.

నా భయం తీరాలి కదా. తీరుతూనే ఉంది, అంతలో దాని కళ్ళకింద నలుపు చూశాను. అప్పుడే ఆయన వీధి తలుపు గడియ తీస్తున్న చప్పుడు.

"వార్డు నుంచి కబురొచ్చింది. పిల్లకి కడుపు కొయ్యాలి. తప్పుకోండి!"

మనోజ్ఞ దిగ్గున లేచి తలుపుకి వీపు ఆనించింది. "డాక్టరు గారూ, ఈవేళ డ్యూటీ మీది కాదండీ. వేరే ఆయన వెళ్ళారు." ఆయన దాని మణికట్టు పట్టుకుని లాగాడు. ముసలి చెయ్యే, కానీ దాని ముఖం నొప్పితో ముడుచుకుంది. "పిల్ల చచ్చిపోతే ఎవరిది పూచీ?" అని అరిచాడు. అది విడిపించుకోలేదు. "బతికిందండీ, ఇప్పుడే ఫోను చేశారు" అంది. ఆ మాటతో వేళ్ళు వదులయ్యాయి. కోటు విప్పించుకుని, బుద్ధిగా సోఫాలో కూర్చున్నాడు.

"ఇది రాత్రుళ్ళు కూడానా?" అన్నాను.

కోటు తీసుకెళ్ళి కొక్కేనికి తగిలిస్తోంది.

"నిన్నే అడుగుతున్నా."

"రాత్రే ఎక్కువ."

"ఆ ఇరవై ఎనిమిదిలో రాత్రుళ్ళున్నాయా?"

"లేవు. నిద్రపోతే లెక్కలోకి రాదు కదా."

"నువ్వు నిద్రపోతున్నావా?"

"మాయకి చెబితే ఆయన్ని ఓల్డేజ్ హోమ్‌లో పడేస్తారమ్మా. అక్కడ ఆయన మాట ఎవరికర్థమవుతుంది? నా రూమూ పోతుంది. హాస్టల్ కోసం మళ్ళీ లైన్లో ఎన్నాళ్ళు నిలబడను? ఎగ్జామ్ ఒకటి ఆల్రెడీ పోయింది." ఆ చివరి మాట జారాక నాలిక్కరుచుకుంది.

పరీక్ష సంగతి వదిలేశాను. నాకు కనపడుతున్నది ఆ వీధి తలుపు. ఏదో ఒక రాత్రి ఇది నిజంగానే నిద్రపోతుంది. ఆయన చెప్పులతో మంచులోకి నడుస్తాడు. పొద్దున్న పోలీసులు దీన్ని అడుగుతారు, పూచీ ఎవరిదని.

"మాయకి మెసేజ్ పెట్టు. రాత్రుళ్ళ సంగతి మాట్లాడాలి, ఫోను చెయ్యమను."

"నో. నువ్వెప్పుడూ ఇంతే, ప్రతిదీ చెడగొడతావ్!"

"చెడగొడతాను. పెట్టు."

నాకేసి కోపంగా చూసి, పెట్టింది. పెట్టి, ఫోను బల్లమీద విసిరేసి తన గదిలోకి పోయింది. బతిమాలుదామని వెనకే వెళ్ళేసరికి మంచానికి అడ్డంగా పడి నిద్రపోతోంది, బూట్లు కూడా విప్పలేదు. విప్పి, దుప్పటి కప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను.

నరసింహం గారి పక్కన కూర్చున్నాను. "ఏ ఊరమ్మా మీది?" అన్నాడాయన. తెనాలి అన్నాను. బాపట్లకి పొన్నూరు మీదుగా ఎంతసేపో చెప్పడం మళ్ళీ మొదలుపెట్టాడు. వీధి తలుపు మీదనుంచి కళ్ళు తిప్పకుండా ఊఁ కొడుతున్నాను.

బల్లమీద ఫోను మోగింది. మాయ.

నాకొచ్చింది క్లాసులో నేర్చుకున్న జర్మనే, అందులోనూ సగం సీరియల్ మాటలు. ఆవిడ ఒక్క మాట గట్టిగా అంటే నాకు జవాబు తోచదు. మనూని లేపుదామా అని గది వైపు చూశాను.

లేపలేదు. ఫోనెత్తాను.

"నేను మనోజ్ఞ అమ్మని" అన్నాను, జర్మన్‌లో. "నా కూతురు నిద్రపోతోంది. దయచేసి మెల్లగా మాట్లాడండి, నాతో."