మూడో వాల్వు

ఉదయం పదకొండు గంటలకు నీటి సరఫరా కార్యాలయం ముందు, రోడ్డు నడిమధ్యలో పెద్ద గొట్టం పగిలింది. మనిషెత్తున లేచిన నీళ్లు చూస్తూండగానే మెట్లు దిగి నేలమాళిగలోకి దూకాయి. పటాల గది ఉన్నది అక్కడే. ఊరి కింద ఏ గొట్టం ఎటు పోతుందో, దాన్ని ఎక్కడ కట్టేయాలో చూపించే పటాలన్నీ ఆ గదిలోని ఒక్క కంప్యూటర్లో ఉన్నాయి.

ఆ పటాలు పదకొండేళ్లుగా గీస్తున్న ఆవిడ మోకాలిలోతు నీళ్లలో కంప్యూటర్ పెట్టె ఎత్తబోయింది. వాల్వులు తిప్పే పెద్దాయన వెనకనుంచి రెక్క పట్టుకుని లాగాడు. చేతిలో పానా లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు కనుక అందరికీ పానా బాబాయే.

"పిచ్చా నీకు? కరెంటు మెయిన్ ఇంకా ఆపలేదు! పైకి నడు."

రోడ్డుకు ఆవల పల్లంలో ఆసుపత్రి. నీళ్లు దాని కింది అంతస్తులోకి జొరబడుతున్నాయి. కరెంటు మీటర్లు, జనరేటరు అక్కడే ఉన్నాయి.

"రెండు వాల్వులు కట్టేశానమ్మా, తగ్గట్లేదు," అన్నాడు పానా బాబాయి. "మూడోది ఆసుపత్రి ముందెక్కడో ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దానిమీద రాళ్లు పరిచేశారు. నీ పటంలో తప్ప ఇంకెక్కడా కనపడదు."

ఆమె నీళ్లు నిండిన మెట్లవైపు చూసింది. అంతలోనే గుర్తొచ్చింది. ఏడాది కిందట మరిది వచ్చి, ఫైళ్ల నకలు రోజూ సాయంత్రం దానంతటదే క్లౌడ్‌లోకి వెళ్లేలా అమర్చాడు. "ఈ పెట్టె బూడిదైనా నీ పని ఎక్కడికీ పోదు వదినా," అన్నాడు.

ఫోన్లో ఖాతా తెరిచింది. కంగారులో పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారి సరిపోయింది. కానీ కొత్త ఫోన్ కావడంతో, ఒక నంబరుకు కోడ్ పంపామని తెరమీద పడింది. చివరి రెండంకెలు చూసేసరికి ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. ఆవేళ హడావిడిలో మరిది తన నంబరే పెట్టేశాడు.

మరిదితో మాటల్లేక నాలుగు నెలలు. చుట్టాలందరి ముందు "మా వదినది బొమ్మలేసే ఉద్యోగం" అని నవ్వాడు. ఆమె తింటున్న పళ్లెం వదిలి లేచొచ్చేసింది.

పంతాలకు ఇది వేళ కాదనుకుని నంబరు నొక్కింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆసుపత్రిలో రోగులను మంచాలతో సహా పైకి మోస్తున్నారు. మూడోసారి ఎత్తాడు.

"వదినా? మీటింగులో ఉన్నా... అన్నయ్యకేమైనా అయిందా?"

"అన్నయ్య బానే ఉన్నాడు. నీకో కోడ్ వచ్చింది, చదువు. తిట్టుకోడం తర్వాత."

"అది నువ్వా? ఏ దొంగవెధవో నీ ఖాతాలో దూరుతున్నాడనుకున్నా!"

చదివాడు. గడువు దాటిందంది ఫోను. ఇంకోటి తెప్పించి ఒక్కొక్క అంకే చెప్పాడు. ఈసారి తెరుచుకుంది. చివరి నకలు నిన్న సాయంత్రానిది.

"ఆసుపత్రి గేటు స్తంభం నుంచి రోడ్డువైపు మూడు బారలు, అక్కణ్ణుంచి ఎడమకు ఒకటి!" అని అరిచింది.

పానా బాబాయి కొలిచి, గడ్డపారతో రాళ్లు పెకలించాడు. మట్టి తప్ప ఏమీ లేదు. ఆయన ఆమె వంక చూశాడు. ఆమె పటం మళ్లీ చూసింది.

"బాబాయ్, ఆ గేటు ఎప్పుడూ అక్కడే ఉందా?"

"అయ్యో నా మతి మండ! రోడ్డు కోసం ఒక బార వెనక్కి జరిపారు!"

బారెడు ముందుకొచ్చి తవ్వితే ఇనుపమూత ఖంగుమంది. మూత తీసి, లోపలి వాల్వును ఇద్దరు పట్టి తిప్పగా తిప్పగా నడిరోడ్డు మీది ఊట కుంగిపోయింది. నీళ్లు మీటర్లకు జానెడు కింద ఆగాయి.

అన్నీ దక్కలేదు. పాత ఇంజనీర్లు చేత్తో రాసిన పుస్తకాలను ఆమె మూడు నెలలు కూర్చుని స్కాన్ చేసింది. చోటు ఎక్కువ పడుతుందని ఆ ఫోల్డరును నకలులో చేర్చలేదు. స్కాన్లున్న కంప్యూటరు, పక్క బీరువాలోని పుస్తకాలు ఒకే నీళ్లలో నానాయి. అందరూ వెళ్లాక మెట్లమీద కూర్చుని కళ్లొత్తుకుంది.

సాయంత్రం మరిది వచ్చి బురదలో నిలబడ్డాడు.

"వదినా, ఆరోజు నేనన్నమాట..."

"తప్పే అన్నావు. ఒప్పుకున్నావుగా, కూర్చో. నా నంబరెలా పెట్టాలో చూపించు. ఈసారి ఒక్క ఫోల్డరు కూడా బయట ఉండకూడదు."

పక్కన చతికిలబడి ఆమె ఫోను అందుకున్నాడు. "పాస్‌వర్డ్ చెప్పు."

"చెప్పను. అటు తిరుగు, నేనే కొడతా."