పేరున్న కంచం

"నీ కంచం మళ్ళీ మావాటిల్లో కలిపావేందే?" అంది అత్తయ్య, బుట్టలోంచి దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి. నేను కలపలేదు. తోమిన సామాను ఆరేయడానికి ఇంట్లో ఉన్నదే ఒక్క బుట్ట. తోమిన చేతులు కూడా ఒక్క జతే. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ తట్టదు.

నా కంచాన్ని పోల్చుకోవడం తేలిక. అంచు మీద కృపామణి అని ఉంటుంది. మా ఇంట్లో స్టీలు సామానంతటికీ పేర్లున్నాయి. కంచాల మీద, గ్లాసుల మీద మామగారి పేరు, బాలశౌరి. ఆయన పోయి చాలా కాలమైనా రోజూ ఆయన పేరు మీదే భోంచేస్తున్నాం. బిందెల మీద మా ఆయన పేరు, జయకర్. నాతో పుట్టింటి నుంచి వచ్చిన గిన్నెల మీద మా నాన్న పేరు. వీటన్నిటినీ పెళ్ళయినప్పటి నుంచీ తోముతున్నదాన్ని నేను, నా పేరు మాత్రం ఎక్కడా లేదు. చివరికి నాకు జబ్బు చేశాక ఆ ముచ్చటా తీరింది. అత్తయ్య నరసరావుపేట బజారంతా తిరిగి ఒక కంచం, ఒక గ్లాసు కొని, వాటి మీద నా పేరు కొట్టించుకొచ్చింది. కలిసిపోకుండా ఉండాలని.

దగ్గు ఏళ్ళనాటిది. మిరపకాయల దుమ్మని కొన్నాళ్ళు, పడిశమని కొన్నాళ్ళు సర్దుకున్నాను. ఆయాసంతో మెట్ల మీద కూర్చుండిపోతుంటే, "పని అనేసరికి వస్తది దీనికి దగ్గు" అనేది అత్తయ్య. కఫంలో రక్తం జీర కనపడ్డాక జయకర్ గుంటూరు తీసుకెళ్ళాడు. అక్కడి ఊపిరితిత్తుల డాక్టరు పరీక్షలన్నీ చేయించి, మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాడు. "ఇది టీబీ కాదమ్మా. దానికి దూరపు చుట్టం. మట్టిలో, నీళ్ళలో ఉండే క్రిమి. నీ నుంచి ఇంట్లో వాళ్ళకి అంటుకోదు, ఆ భయం పెట్టుకోవద్దు. మందులు మాత్రం చాలాకాలం వాడాలి. కఫం శుభ్రమైందని తేలాక కూడా ఇంకో ఏడాది మానకూడదు." జయకర్ తల ఊపాడు. ఆయన హైస్కూల్లో సైన్సు చెబుతాడు. సూక్ష్మజీవుల పాఠం అంత బాగా ఎవరూ చెప్పలేరని పేరు. తిరుగు బస్సులో, "అమ్మకి నేను చెప్తాలే" అన్నాడు.

ఇంటికి రాగానే అత్తయ్య అడిగింది. "ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షనంట, మందులిచ్చారు" అని చొక్కా విప్పుతూ లోపలికి వెళ్ళిపోయాడు. అంతే. అంటుకోదంట అత్తయ్యా అని నేనే చెప్పాను. "నీ జబ్బు సంగతి నువ్వు చెప్పుకుంటే సరిపోద్దా? వాడు చెప్పనీ" అంది. రాత్రి ఆయన్ని అడిగితే, "పెద్దావిడ. ఒక్క కంచం కాడ రాద్ధాంతం దేనికి? పోనీలే" అన్నాడు, ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆ పోనీలే ఎంత దూరం పోయిందో ఆయనకు తెలియదు. కంచం అయింది, గ్లాసు అయింది, తర్వాత దుప్పటి, తర్వాత నా పక్కలోంచి మా అమ్మాయి చిన్నారి. ఆఖరికి నేను వెనక వరండాలో, రుబ్బురోలు పక్కన తినడానికి అలవాటుపడ్డాను. కూర మాత్రం నా చేత్తోనే కావాలి అందరికీ.

పొద్దున్నే పరగడుపున ఎర్ర క్యాప్సూలు వేసుకుంటే ఒంట్లోంచి వచ్చే నీరంతా నారింజ రంగుకి తిరుగుతుంది. కన్నీళ్ళతో సహా. ఒకసారి చర్చిలో తెల్లచీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటే మరక పడింది. "పసుపు పూసుకొచ్చావా ఏందే?" అంది అత్తయ్య, పక్కవాళ్ళకి వినపడేట్టు. ఏడిస్తే రుజువు మిగిలిపోతోందని ఏడవడం తగ్గించుకున్నాను. మిగతా మాత్రలకి కడుపులో దేవుతుంది, నోరంతా ఇనప రుచి. "కూరలో ఉప్పు చూసుకోలేదా?" అంటాడు జయకర్. చూడ్డానికి నా నోరు నా దగ్గర ఉంటేగా.

ఇవన్నీ మింగేదాన్నే, మాత్రల్లాగే. కానీ మొన్న చిన్నారి బడి నుంచి వచ్చి, దాహంతో స్టాండులో గ్లాసు అందుకుంది. ముంచబోతూ ఆగి, అంచు చుట్టూ వేలితో కూడబలుక్కుంటూ చదివింది. చదివి, గ్లాసు కింద పెట్టేసింది. "అమ్మా, ఇది నీదిగా? నాకొద్దు." దానికి అక్షరాలు దిద్దించింది నేనే.

శనివారం అత్తయ్య స్త్రీల కూటానికి గురజాల వెళ్ళింది. జయకర్ బడికి. నేను ఇంట్లో ఉన్న కంచాలు, గ్లాసులు, గరిటెలతో సహా గోతంలో వేసి, ఆటోలో, స్టీలు సామాను మీద పేర్లు కొట్టే ఫిరోజ్ కొట్టుకి తీసుకెళ్ళాను.

"ఏందక్కా, ఇంట్లో పెళ్ళా?"

"నా పెళ్ళెప్పుడో అయిందిలే. పేరే మిగిలిపోయింది. వీటన్నిటి మీదా కృపామణి అని కొట్టు."

"అన్నిటికీ ఒకటే పేరైతే ఎవరి కంచం ఏదో ఎట్టా తెలుసుద్ది?"

"అందుకే కొట్టమంటున్నా."

ఫిరోజ్ పగలబడి నవ్వి మిషను ఆన్ చేశాడు. స్టీలు మీద అది గీపెడుతుంటే ఎంత హాయిగా ఉందో. చాలాకాలంగా నా తరఫున ఎవరూ అంత గట్టిగా అరవలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర వండి అందరికీ వడ్డించాను. ముందు జయకర్ చూశాడు. "ఇది నీ కంచం. నాది తే." ఇంకోటి ఇచ్చాను. దాన్నీ తిప్పి చూసి నా మొహం చూశాడు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని స్టాండులోవన్నీ ఒక్కొక్కటే దించింది. ప్రతిదాని మీదా మామగారి పక్కన నేనున్నాను.

"ఏమే, నీకేమన్నా పిచ్చిపట్టిందా? తినడానికి ఒక్క కంచమన్నా మిగిల్చావా?"

"అన్నీ ఉన్నయ్ అత్తయ్యా. తోమే పెట్టా."

"నేను ముట్టను. చిన్నారీ, లెగువే. ఒరేయ్ జయా, నువ్వూ లెగు."

చిన్నారి లేవలేదు. జయకర్ కూర వంక చూశాడు, ఆవిరి వంక చూశాడు. "కూర్చోమ్మా" అన్నాడు విసుగ్గా. "అంటుకోదంట. డాక్టరు చెప్పాడు."

అత్తయ్య కళ్ళజోడు తీసింది. "ఎప్పుడు చెప్పాడు?"

ఆయన ముద్ద కలుపుకుంటున్నాడు.

"నిన్నేరా. ఎప్పుడు చెప్పాడు?"

"మొదట్లోనే."

ఆ ఒక్క మాట కోసం ఇన్నాళ్ళూ వరండాలో కూర్చుని ఎదురుచూశాను. నా మీద జాలితోనో, ప్రేమతోనో వస్తుందనుకున్నాను. కోడికూర చల్లారిపోతుందని వచ్చింది. అత్తయ్య కొడుకు వంక చూసింది, తర్వాత నా వంక. మెల్లగా వచ్చి పీట మీద కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. చిన్నారి తన గ్లాసు నా వైపు జరిపింది. సగం తాగి ఇస్తే, అది అంచు చదవకుండానే మిగతా నీళ్ళు తాగేసింది.

"వచ్చే నెల గుంటూరు నేనొక్కదాన్నే వెళ్తానండీ" అన్నాను. "డాక్టరు చెప్పేది నేను వింటా. ఇంట్లో చెప్పేది కూడా నేనే."

నేను స్టాండు దగ్గరికి వెళ్ళి అలవాటుగా నా కంచం కోసం వెతికాను. చేతికి ఏది తగిలితే అది నాదే.