పరకాల దాటని బస్సు

కవితది మానుకోట. పెళ్ళయ్యాక రఘునాథపల్లికి వచ్చి, జనగామలో ఒక జిరాక్సు సెంటర్లో కంప్యూటర్ పనికి కుదిరింది. ఇంటికి రాగానే లాప్‌టాప్ తెరిచి ఒక విదేశీ బస్సు ఆట ఆడేది. అందులో అన్నీ మంచుకొండలే, ఖాళీ రోడ్లే. ఇలాంటి ఆటల్ని అభిమానులు తమకు నచ్చినట్టు మార్చుకుంటారు, దాన్ని మాడ్ అంటారు. కవిత కూడా మంచు తీసేసి, జనగామ నుంచి భూపాలపల్లి దాకా రోడ్డు వేయడం మొదలుపెట్టింది.

బస్టాండు కుదిరింది కానీ ఎక్కేవాళ్ళు కావాలి. ముఖాన్ని అన్ని వైపుల నుంచి ఫోటో తీసేదాకా కదలకుండా కూర్చునే ఓపిక పక్కింటి పోశాలుకు తప్ప ఎవరికీ లేదు. దాంతో ప్రయాణికులందరికీ ఆయన ముఖమే వచ్చింది. సంచి పట్టిన పోశాలు, చీర కట్టిన పోశాలు, చంటిపిల్లను ఎత్తుకున్న పోశాలు. ఆ పిల్లా పోశాలే.

ఆయన భార్య సాయమ్మ వచ్చి చాలాసేపు చూసింది.

"ఒక్కనితోనే యేగలేక సస్తున్న. గింతమంది ఎందుకు బిడ్డా?"

పోశాలు బాధ వేరు. "పొద్దటిసంది ఎండల నిలవెట్టినవ్ కవితా. నెత్తి మాడుతాంది," అని ఇంట్లో కూర్చునే తలకు తువ్వాల చుట్టుకున్నాడు. కవిత ఆటలో ఒక రేకుల షెడ్డు వేసింది.

రఘునాథపల్లికి కొత్త షెడ్డు వచ్చిందన్న మాట ఊరంతా పాకింది. ఎక్కడని అడగకుండానే వార్డు మెంబరు లచ్చయ్య రిబ్బను పట్టుకొచ్చాడు. అసలు సంగతి తెలిశాక కూడా వెనక్కి పోలేదు. లాప్‌టాప్‌కు రిబ్బను కట్టించి, కత్తిరించి, కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్ళకు రెండు మీటలు పనిచేయడం మానేశాయి.

తర్వాత తరిగొప్పుల నుంచి ఆటోలో నలుగురు దిగారు.

"మాకు సుత ఒక షెడ్డు ఎయ్యక్కా."

"గది కంప్యూటర్ల ఉంటదన్నా, బయట ఉండదు."

"బయట ఎట్లాగూ లేదు. కంప్యూటర్లనన్న ఉండనీ."

"మీ ఊరు ఈ తొవ్వల రాదు కదా?"

"తొవ్వ నీ చేతులనే ఉన్నది కదా అక్కా."

కాదనలేక కవిత రోడ్డును అటు వంచింది. ఇంకో చిక్కు వచ్చింది. చెయ్యెత్తిన చోటల్లా బస్సు ఆగాలని ఆమే ముచ్చటపడి నియమం పెట్టింది. ఇప్పుడు అడుగడుగునా ఒక పోశాలు చెయ్యెత్తుతున్నాడు, బస్సు ఘనపురం చేరడం లేదు. సగం మందిని తీసేస్తే అసలు పోశాలు రెండు రోజులు అలిగాడు.

ఎట్టకేలకు బస్సు పరకాల చేరింది. కవిత అప్పటిదాకా వేసిన రోడ్డు అక్కడితో అయిపోయి, బస్సు తెల్లటి శూన్యంలోకి జారిపోయింది. పోశాలు ముఖం వాడిపోయింది. అప్పుడు చెప్పాడు: కూతురు సుజాతను టేకుమట్లలో ఇచ్చారు. ఒక కోడిపుంజు విషయంలో అల్లుడితో మాటామాటా వచ్చి, ఏడాదిగా అటు పోలేదు. బస్సు ఎప్పుడు అటు చేరుతుందా అనే ఆయన రోజూ వచ్చి కూర్చుంటున్నాడు.

"పరకాల దాక తెచ్చినవ్ కదా. ఆడికెళ్ళి నడిసిపోత," అన్నాడు.

ఆ వారమే ఆట తయారుచేసినవాళ్ళు దాన్ని కొత్తగా మార్చారు. మర్నాడు తెరిచి చూస్తే కవిత వేసిన రోడ్డంతా ఆకాశంలో ఉంది. షెడ్లు తలకిందులయ్యాయి. వాటికి వేలాడుతూ పోశాలులు ఇంకా చెయ్యెత్తే ఉన్నారు. రెండేళ్ళ పని. కవితకు అన్నం సహించలేదు.

"ఇగ నాతోని కాదు మామా," అంది. పోశాలు లేచి వెళ్ళిపోయాడు.

తెల్లారి సాయమ్మ పరేషాన్‌గా వచ్చింది. "మీ మామ ఇంట్ల లేడు. జర దాన్ల ఉన్నడేమో చూడు బిడ్డా."

కవిత చూసింది. లాప్‌టాప్‌లో చాలామందే ఉన్నారు.

మూడో రోజు పోశాలు టేకుమట్ల నుంచి తిరిగొచ్చాడు.

"సుజాత మాట్లాడిందా మామా?"

"ముందుగాల మొకం తిప్పుకున్నది. నేను శీర కట్టుకొని బస్సుకు నిలవడ్డ ముచ్చట చెప్పిన. నవ్వాపుకోలేకపోయింది. అల్లుడే కోడిని కోసిండు."

పరకాల అవతలి రోడ్డంతా బస్సు కిటికీలోంచి ఫోనులో తీసుకొచ్చానని, ఇక మిగిలింది వేసెయ్యమని ఫోను చేతికిచ్చాడు. కవిత ఒక్కొక్క వీడియో తెరిచింది. అన్నిట్లోనూ మసక ఎరుపే.

"గిదేంది మామా?"

"నా బొటనేలు. రోడ్డు దాని ఎనుక ఉన్నది, జర జరిపి చూడు."