సుబ్బయ్య దుర్భిణి

సుబ్బయ్యకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఆ ఉదయం మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. వాగు గట్టున కదలకుండా నిలబడిన చిరుతపులిని ఆయన మూడోసారి కూడా కొట్టలేకపోయాడు. తూటా పక్కనున్న రాతిని పగలగొట్టింది. చిరుత ఒకసారి ఇటు చూసి, తొందరేమీ లేనట్టు పొదల్లోకి వెళ్ళిపోయింది.

బేతంచెర్ల దగ్గరి ఆ పల్లెలో కొన్నాళ్ళుగా మేకలదొడ్లు ఖాళీ అవుతున్నాయి. ముందు రోజు ఆ చిరుత మేకలు కాసే ఈరక్క మీదికే దూకబోయింది. ఊరు మొత్తానికి తుపాకి ఉన్నది సుబ్బయ్య ఒక్కడికే. దేశం వదిలిపోతున్న తెల్లదొర దగ్గర కొన్న, పైన దుర్భిణి బిగించిన రైఫిలు. దుర్భిణిలో రెండు గీతలు కలిసే చోట దేన్ని పెడితే తూటా దాన్నే తాకాలి. ఆయన గురికి తిరుగులేదని చుట్టుపక్కల పేరు. ఆ పేరు కాస్తా గంగలో కలిసింది.

ఊళ్ళోకి రాగానే అరుగుల దగ్గర జనం మూగారు. “ఏమాయె సుబ్బన్నా?” అన్నారెవరో. అంతే. సుబ్బయ్య వెనకే వస్తున్న మహానంది భుజం మీంచి తుపాకి లాక్కున్నాడు. మహానంది ఆయన చేలో పనిచేసే మనిషి. చిరుత అడుగు చూసి అది ఎటు పోయిందో చెప్పేదీ, తుపాకి మోసేదీ అతనే.

“నీ చేతికి ఇచ్చినందుకు నన్ననుకోవాల! తాగి యాడనో రాళ్ళ మీద పడేసినావు. దుర్భిణి కదిలిపోయుండాది. పడేసి నోరు మూసుకోనుండావు!”

“పడెయ్యలేదు సుబ్బన్నా. నా బిడ్డల మీద ఒట్టు.”

“సిగ్గు ల్యాకుండా బిడ్డల మీద ఒట్టు పెడతావా! ఈ పొద్దునుంచి నా చేలో కాలు పెట్టొద్దు. మళ్ళా ఈ తుపాకి తాకితే చెయ్యి ఇరుస్తా!”

మహానంది ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు. అతని తరఫున ఒక్కరూ నోరు విప్పలేదు. సుబ్బయ్య అరుస్తుంటే ఎదురు మాట్లాడే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికుంది!

సుబ్బయ్య ఒక పాత చాటకు సున్నం పూసి, నడుమ బొగ్గుతో చుక్క పెట్టి, గుట్ట కింది మట్టిదిబ్బకు ఆనించాడు. తుపాకి కింద ఇసుకమూట పెట్టి, బోర్లా పడుకుని కాల్చాడు. తూటా కుడికి పోయింది. దుర్భిణి పక్కన గురి సరిచేసే చిన్న చక్రం తిప్పి మళ్ళీ కాల్చాడు. ఈసారి ఎడమకు, కిందికి. చక్రం ముట్టుకోకుండా ఇంకోసారి కాల్చాడు. పైకి! పడేసినందుకు వంకర పోయి ఉంటే, తూటాలన్నీ ఒకే పక్కకు తప్పాలి కదా. ఇలా తలో దిక్కుకూ పోతున్నాయంటే లోపల ఏదో ఇంకా కదులుతూనే ఉంది. దుర్భిణిని బిగించిన మరమేకులు చూస్తే చేతికి బిగుతుగానే ఉన్నాయి.

పళ్ళు నూరుతూ వాటిని ఊడదీశాడు. దుర్భిణిని మోసే ఇనుపపీట పైకి లేచింది. దాని కింద ఎండిపోయిన పసుపుముద్ద. సగం పొడి అయిపోయింది. పీట కూర్చున్నది ఇనుము మీద కాదు, పసుపు మీద. తుపాకి తన్నినప్పుడల్లా కాస్త పసుపు రాలుతోంది, దుర్భిణి కాస్త జరుగుతోంది.

ఆయుధపూజ పసుపు! తుపాకి పట్టుకుని ఇంట్లోకి దూసుకుపోయి భార్య మీద విరుచుకుపడ్డాడు.

“దుర్భిణి కింద పసుపు పుయ్యమని ఎవురు జెప్పినారు నీకు?”

రామలక్ష్మమ్మ బియ్యం చెరగడం ఆపలేదు. “ఇంగెవురు? నువ్వే. కర్నూలు రాజధాని ఆయె, ఈ దసరా శానా గొప్పగా చెయ్యాల అంటివి. దుర్భిణి ఊడదీసి, సందు ఇడవకుండా పుయ్యి అంటివి. పూసినా. ఆరకముందే నువ్వే బిగించుకున్యావు.”

సుబ్బయ్య తుపాకి తీసుకుని బయటికి వచ్చేశాడు. పసుపంతా గీకి, గుడ్డతో తుడిచి, ఇనుము మీద ఇనుము కూర్చునేలా బిగించి, చాట దగ్గరికి పోయి మళ్ళీ కాల్చాడు. తూటాలన్నీ ఒకే చోట పడ్డాయి. చక్రం తిప్పి వాటిని చుక్క మీదికి తెచ్చాడు. సంతోషించాల్సింది పోయి ఆయనకు ఇంకా ఒళ్ళు మండింది. తిట్టడానికి ఇక ఎవరూ మిగల్లేదు మరి.

మహానంది ఇంటి ముందు నిలబడి పిలిచాడు. “దుర్భిణి బాగాయె. జాడ తియ్యాల, రా.”

మహానంది గడప దిగలేదు. “యాడ చెడిందంట?”

సుబ్బయ్య తల పక్కకు తిప్పుకున్నాడు. “పసుపు... నేనే...”

“నాకు ఇనపళ్ళేదు సుబ్బన్నా. పొద్దున ఊరందరికీ ఇనపడేటట్టు అంటివి గదా.”

సుబ్బయ్య ముఖం జేవురించింది. నాలుక చివరిదాకా వచ్చిన బూతును మింగి, విసవిసా అరుగుల దగ్గరికి నడిచాడు. పొద్దున ఎంత గొంతుతో అరిచాడో అంత గొంతుతోనే అరిచాడు.

“ఇనండి అందరూ! మహానంది తుపాకి పడెయ్యలేదు! తాగలేదు! దుర్భిణి కింద పసుపు పెట్టించి బిగించింది నేను! నోరు పారేసుకున్నదీ నేనే! ఇనపడిందా? పొద్దున నన్ను ఒక్కరన్నా ఆపితిరా, మీ నోళ్ళు పడిపోయినాయా?”

ఒప్పుకుంటున్నాడో, తిడుతున్నాడో ఎవరికీ తెలియలేదు. జనం బిత్తరపోయి చూశారు.

రొప్పుతూ వెనక్కి వచ్చేసరికి మహానంది గొడ్డలి తీసుకుని బయట నిలబడి ఉన్నాడు. సుబ్బయ్య అలవాటుగా తుపాకి అతనికి అందించాడు. మహానంది చెయ్యి చాచలేదు.

“జాడ చూపిస్తా. ఊళ్ళో పిల్లోళ్ళు తిరుగుతాండారు కాబట్టి చూపిస్తా. తుపాకి మాత్రం నువ్వే మోసుకో సుబ్బన్నా.”

ఆ మాటకు సుబ్బయ్యకు కోపం రావాలి. రాలేదు. తుపాకి భుజానికెత్తుకుని అతని వెనక నడిచాడు.